నగరం నడిబొడ్డున దాగిన నిశ్శబ్ద తోట: వెతకడం నుంచి బయటికి వచ్చేదాకా

"మ్యాపులో చూపిస్తోంది కానీ తీరా వెళ్తే గోడ తప్ప ఏమీ లేదు." "గేటుకి తాళం ఉంది." "లోపల కిక్కిరిసిన జనం, ఇదేనా మీరు చెప్పిన ప్రశాంతత?" ఈ తోటల గురించి అడిగేవాళ్ళ మాటలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. వీటిలో చాలావరకు తోట తప్పేమీ ఉండదు. వెళ్ళిన వేళ తప్పు, లేదా ఆ తోటకు ఎవరి అజమాయిషీ ఉందో తెలియకుండా వెళ్ళడం తప్పు. మంచి తోటను ఎంచుకోవడం కన్నా మంచి గంటను ఎంచుకోవడమే ముఖ్యమని నా గట్టి నమ్మకం. కింద చెప్పేవన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

## 1. ముందు అది ఏ రకం తోటో తేల్చుకోండి

గేటు ఎప్పుడు తెరుస్తారు, ఎవరు ఆపుతారు, ఎవరిని అడగాలి అన్నవన్నీ దీని మీదే ఆధారపడతాయి. తొందరపడి ఈ మెట్టు దాటేయకండి.

నగరపాలక సంస్థ చిన్న పార్కులు. రెండు భవనాల మధ్య మిగిలిన ముక్కలో వేసినవి. వేళలు బోర్డు మీద ఉంటాయి, ప్రవేశం సులువు. ఇబ్బందల్లా ఒకటే, గేటు పక్కసందులో ఉంటుంది.

పెద్ద భవనాలకు అనుబంధంగా ఉన్న తోటలు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. న్యూయార్క్‌లో 1961 నాటి జోనింగ్ నిబంధనల (ఎక్కడ ఏం, ఎంత కట్టొచ్చో చెప్పే నిబంధనల) ప్రకారం, జనం కూర్చునేందుకు ఖాళీ స్థలం వదిలిన బిల్డర్‌కు అదనపు అంతస్తుల స్థలం కట్టుకునే అనుమతి దొరికింది. శాన్ ఫ్రాన్సిస్కోలో 1985 నాటి డౌన్‌టౌన్ ప్లాన్, అంటే నగర కేంద్రం కోసం వేసిన ప్రణాళిక, కొత్త ఆఫీసు భవనాలు ఇలాంటి చోటు వదలాలని అడిగింది. అందుకే అక్కడ కొన్ని తోటలు భవనాల పై అంతస్తుల్లో ఉంటాయి. చూస్తే కంపెనీ ఆవరణలా ఉంటుంది, ముందు సెక్యూరిటీ డెస్కు ఉంటుంది, కానీ వెళ్ళే హక్కు మీకుంది.

పాత ప్రార్థనా స్థలాల ఆవరణలు. లండన్‌లో సెయింట్ డన్‌స్టన్ ఇన్ ది ఈస్ట్ 1941 బాంబు దాడుల్లో దెబ్బతిన్న చర్చి. మిగిలిన గోడల మధ్యే ఇప్పుడు తోట ఉంది, కిటికీ చట్రాల్లోంచి తీగలు పాకుతుంటాయి. అదే నగరంలోని పోస్ట్‌మన్స్ పార్కు కూడా చర్చి ఆవరణల నుంచి వచ్చిందే. ఇలాంటిచోట ప్రార్థనలు జరిగే వేళలు, స్మారక చిహ్నాలు ఉంటాయి, వాటికి తగ్గట్టు మసలుకోవాలి.

స్థానికులు నడిపే తోటలు. గేటు తెరిచి ఉందంటే లోపల ఎవరో స్వచ్ఛంద కార్యకర్త ఉన్నట్టు. న్యూయార్క్‌లో 1978లో మొదలైన గ్రీన్‌థంబ్ పథకం కిందున్న తోటలను ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వారానికి కనీసం 20 గంటలు జనానికి తెరిచి ఉంచాలి. ఆ గంటలు ఏవో ముందే కనుక్కోకపోతే తాళమే కనిపిస్తుంది.

విశ్వవిద్యాలయాలు, మ్యూజియంలు, గ్రంథాలయాల లోపలి తోటలు. సంస్థ సెలవుల్లో ఇవీ మూసేస్తారు.

ఇంకో రకం ఉంది, అది మన జాబితాలోకి రాదు. పైకి పార్కులా కనిపించే ప్రైవేటు తోటలు. న్యూయార్క్‌లోని గ్రామర్సీ పార్కులోకి దాని చుట్టూ ఉన్న ఇళ్ళవాళ్ళకే తాళంచెవి ఉంటుంది. లండన్‌లో ఇళ్ళ వరసల మధ్య ఉండే గార్డెన్ స్క్వేర్లు చాలావరకు అంతే. కంచె సందుల్లోంచి ఎంత బాగా కనిపించినా వాటి ముందు కాళ్ళరిగేలా తిరగడం వృథా. లండన్‌లో ఏటా ఓ వారాంతంలో ఇలాంటివి కొన్ని అందరికీ తెరుస్తారు, అప్పుడు వెళ్ళొచ్చు.

## 2. వెతుకులాట ఇంట్లోంచే

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, చాలామంది రోజూ తిరిగే వీధి వెనకే ఉన్న తోట కోసం నగరం అంచుదాకా పోతారు. కాబట్టి మీరు రోజూ వెళ్ళే చోటు నుంచి నడిచి పది నిమిషాల్లో చేరే పరిధితో మొదలుపెట్టండి.

ఈ వరుసలో చూడండి:

1. మ్యాపు యాప్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, కప్పుల మధ్య పచ్చటి మచ్చల కోసం చూడండి. పార్కింగ్ స్థలంలోని చెట్లు వరసగా ఉంటాయి. తోటలో చెట్లు గుంపుగా, మధ్యలో వంపు తిరిగిన దారితో కనిపిస్తాయి.
2. అదే చోటును ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (స్వచ్ఛందంగా జనమే తయారుచేసే ఉచిత మ్యాపు) చూడండి. చిన్న కాలిబాటలు, పక్క గేట్లు, అందరికీ ప్రవేశం ఉందా లేదా అన్న వివరం వేరే మ్యాపుల కన్నా ఇందులో దొరికే అవకాశం ఎక్కువ.
3. నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌లో పార్కుల జాబితా వెతకండి. భవనాలకు అనుబంధమైన తోటలకు కొన్ని నగరాల్లో విడిగా జాబితా ఉంటుంది.
4. మ్యాపు యాప్‌లోని వీధి చిత్రాల్లో (స్ట్రీట్ వ్యూ) ఆ స్థలం చుట్టూ నాలుగువైపులా తిరగండి. వెతకాల్సింది చెట్లను కాదు, గేటును. ఇనుప తలుపు, కమాను, మెట్లు, రెండు భవనాల మధ్య సన్నటి దారి, ఏదైనా కావచ్చు.
5. గేటు దొరికితే ఆ చోటినే పిన్‌గా పెట్టుకోండి. మ్యాపు యాప్ సాధారణంగా తోట మధ్యలో పిన్ పెడుతుంది. దాన్ని నమ్ముకుని వెళ్తే వెనక గోడ దగ్గర తేలతారు. "గోడ తప్ప ఏమీ లేదు" అన్న ఫిర్యాదు పుట్టేది ఇక్కడే.

చివరగా, ఇటీవల వెళ్ళినవాళ్ళు రాసిన సమీక్షలు, పెట్టిన ఫొటోలు చూడండి. "మరమ్మతులు జరుగుతున్నాయి", "ఆదివారం మూసి ఉంది" లాంటి మాటలు దొరికేది వాటిలోనే. నక్షత్రాలు ఎన్ని ఇచ్చారన్నది వదిలేయండి. నిశ్శబ్దంగా ఉండే తోటకు ఊయలలు లేవని తక్కువ మార్కులు వేసేవాళ్ళు బోలెడుమంది.

## 3. వేళ: సగం పని ఇక్కడే అయిపోతుంది

రద్దీ ప్రాంతంలోని చిన్న తోటకు రోజులో మూడు పోట్లు వస్తాయి. పొద్దున నడకకు వచ్చేవాళ్ళు, మధ్యాహ్నం భోజనం డబ్బాలతో ఆఫీసుల వాళ్ళు, సాయంత్రం పిల్లలు, స్నేహితుల గుంపులు. ఈ పోట్ల మధ్య ఉండే ఖాళీలే మీవి.

- పనిరోజు ఉదయం 10 నుంచి 11:30 వరకు. నడక వాళ్ళు వెళ్ళిపోతారు, భోజనం వాళ్ళు ఇంకా రారు. ఒక్క వేళే చెప్పమంటే నేను ఇదే చెబుతాను.
- మధ్యాహ్నం 2:30 నుంచి 4 వరకు. నీడ ఉన్న తోటైతేనే.
- ఆఫీసుల ప్రాంతమైతే సెలవు రోజు. అందరూ వారాంతం వద్దంటారు కానీ, వ్యాపార కూడళ్ళలో లెక్క తిరగబడుతుంది. శనివారం ఆ వీధులే ఖాళీ. అయితే భవనానికి అనుబంధమైన తోటలు ఆ రోజు మూసి ఉండొచ్చు, ముందే చూసుకోండి.
- వాన వెలిసిన గంటకు. జనం ఇంకా బయటికి రారు. బెంచీ తుడుచుకోవడానికి గుడ్డ మాత్రం ఉండాలి.

ఎండ సంగతి కూడా ఆలోచించండి. ఎత్తైన భవనాల మధ్య తోటలో సూర్యుడు బాగా పైకొచ్చిన కొద్ది గంటలే ఎండ పడుతుంది. చలికాలం వెచ్చదనం కావాలంటే ఆ గంటల్లో వెళ్ళాలి, వేసవిలో ఆ గంటలే తప్పించాలి. గాలి మరో సంగతి. ఎత్తైన భవనాన్ని తాకిన గాలి కిందికి మళ్ళి దాని పాదం దగ్గర జోరుగా వీస్తుంది. వీధిలో ఆకు కదలకపోయినా లోపల కాగితాలు ఎగిరిపోతాయి.

పూల కోసం వెళ్ళేవాళ్ళకు ఒక మాట: పారిజాతం రాత్రి విచ్చుకుని తెల్లవారేసరికి రాలిపోతుంది. పదింటికి వెళ్తే వాడిన పూలే మిగులుతాయి. ఏ పువ్వు కోసం వెళ్తున్నారో దాని గంట కనుక్కుని వెళ్ళండి.

## 4. సంచిలో ఏముండాలి

తక్కువ మోస్తే ఎక్కువసేపు కూర్చుంటారు.

- [ ] నీళ్ళ సీసా
- [ ] బెంచీ తుడవడానికి, అవసరమైతే పరుచుకోవడానికి ఒక గుడ్డ
- [ ] దోమల మందు. డెంగీ దోమ పగలే కుడుతుంది, తెల్లవారాక, సూర్యాస్తమయానికి ముందు మరీ ఎక్కువ
- [ ] పల్చటి పైబట్ట, గాలికి
- [ ] చెత్త వేసుకోవడానికి ఖాళీ సంచి
- [ ] పుస్తకం గానీ నోటుబుక్కు గానీ, ఏదో ఒకటే

చిన్న తోటల్లో టాయిలెట్ సాధారణంగా ఉండదు. ఆ పని ముందే చూసుకుని బయల్దేరండి.

## 5. గేటు దగ్గర

తాళం కనపడగానే వెనక్కి తిరగకండి. ఒక్కసారి దగ్గరికెళ్ళి చూడండి. ఇలాంటి గేట్లకు గొలుసు రెండు ఊచల చుట్టూ తిప్పినట్టు కనిపించి, దాని చివర తాళం వేలాడుతుంటుంది. కానీ చాలాసార్లు ఆ తాళం ఒక ఊచకే పట్టి ఉంటుంది, రెండో తలుపు గొళ్ళెం మీదే నిలబడి ఉంటుంది. కుక్కలు లోపలికి రాకుండా వేసిన గొళ్ళెం అది. వేళలు రాసిన బోర్డు తీగల వెనక మరుగునపడి ఉంటే ఆకులు పక్కకు జరిపి చదవండి. తెరిచి ఉండాల్సిన సమయమే అయితే గొళ్ళెం తీసుకుని వెళ్ళి, మళ్ళీ వేసేయండి. నిజంగానే తాళం పడి ఉంటే సరే, పక్క వీధిలో రెండో గేటు ఉందేమో ఒక చుట్టు తిరగండి.

లోపలికి అడుగుపెట్టే ముందు ఆ బోర్డును ఫొటో తీసుకోండి. మూసే సమయం, నియమాలు, ఫోన్ నంబరు అన్నీ అందులోనే ఉంటాయి. ఈ ఒక్క పని తర్వాత వచ్చే సగం తలనొప్పులను తప్పిస్తుంది.

సెక్యూరిటీ గార్డు ఆపితే, "ఇది పబ్లిక్ గార్డెనే కదండీ, ఎటు వెళ్ళాలి?" అని అడగండి. "లోపలికి రావచ్చా?" అని అడిగితే, తెలియని గార్డుకు వద్దనడమే తేలిక. దారి అడిగితే దారే చెబుతాడు. పేరు రాయమన్నా, గుర్తింపు కార్డు చూపమన్నా ఆశ్చర్యపోకండి, పై అంతస్తుల తోటల్లో కొన్నిచోట్ల అది మామూలే. అయినా వద్దంటే వాదన పెట్టుకోకుండా బోర్డు మీది నంబరుకు ఫోన్ చేయండి.

## 6. మొదటి పావుగంట

నేరుగా మొదటి బెంచీ మీద కూలబడకండి. ఒకసారి నెమ్మదిగా తోటంతా చుట్టిరండి. రెండో దారి ఎటుందో, ఎవరు ఎక్కడ కూర్చున్నారో, తోటమాలి పైపు ఎటు లాగుతున్నాడో కనిపిస్తుంది.

తర్వాత కూర్చుని ఫోన్ సైలెంట్‌లో పెట్టేయండి. మనిషి అలికిడికి ఎగిరిపోయిన పిట్టలు మీరు కదలకుండా ఉంటే కాసేపటికి మళ్ళీ వస్తాయి. పది నిమిషాలకే "ఏముందిక్కడ" అని లేచిపోయేవాళ్ళకు అవి కనపడవు. తోట బాగాలేదని చెప్పేవాళ్ళలో ఎక్కువమంది ఈ పది నిమిషాల బాపతే.

## 7. కూర్చునే చోటు, ముఖ్యంగా చెవి కోసం

రోడ్డు మోత తగ్గాలంటే అందరూ చేసే పని లోపలికి ఇంకా లోపలికి పోవడం. దాంతో అనుకున్నంత లాభం ఉండదు. ఎడతెగని ట్రాఫిక్ ఉన్న రోడ్డు నుంచి దూరం రెట్టింపు చేసినా శబ్దం తగ్గేది సుమారు 3 డెసిబెల్‌లే (డెసిబెల్ అంటే శబ్దం కొలిచే ప్రమాణం). చెవికి అది కాస్త తేడాగా మాత్రమే తెలుస్తుంది. చిన్న తోటలో అంతకు మించి దూరం పోయే చోటు కూడా ఉండదు. ఒక వరస చెట్లు, పల్చటి పొదలు శబ్దాన్ని దాదాపు ఆపవు, రోడ్డును కంటికి మాత్రం దాస్తాయి.

శబ్దాన్ని ఆపేది గట్టి గోడ. రోడ్డు కనపడకుండా గోడ అడ్డొస్తే చాలు, సుమారు 5 డెసిబెల్‌లు తగ్గుతుంది. గోడ ఇంకా ఎత్తుగా ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి తోట మధ్యలోని అందమైన బెంచీ కన్నా, రోడ్డువైపు గోడను ఆనుకుని ఉన్న బెంచీయే తరచుగా ప్రశాంతంగా ఉంటుంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ ఒకసారి కూర్చుని చూడండి. ఫోన్‌లో శబ్దం కొలిచే ఉచిత యాప్ పెట్టుకుని రెండు చోట్లా పోల్చొచ్చు. అంకె కచ్చితంగా ఉండదు కానీ తేడా తెలిసిపోతుంది.

రెండో ఉపాయం నీళ్ళ చప్పుడు. న్యూయార్క్‌లో 1967లో తెరిచిన పేలీ పార్కు పట్టుమని 400 చదరపు మీటర్లు కూడా లేదు, చుట్టూ మాన్‌హటన్ రద్దీ. వెనక గోడంతా సుమారు 6 మీటర్ల ఎత్తున్న జలపాతం పెట్టారు. ఆ హోరు ట్రాఫిక్ మోతను తగ్గించదు, కప్పేస్తుంది. కుర్చీలు కూడా అక్కడ కదిలేవే, ఎవరికి కావాల్సిన దూరంలో వాళ్ళు వేసుకుంటారు.

మీ తోటలో ఫౌంటెన్ ఉంటే ఇలా ఎంచుకోండి:

- చదువుకోవడానికి, కునుకు తీయడానికి: నీళ్ళకు దగ్గరగా.
- ఇద్దరు మనసు విప్పి మాట్లాడుకోవడానికి: ఇంకా దగ్గరగా. మీ మాట మూడో మనిషికి వినపడదు.
- పిట్టల కూతలు వినడానికి: నీళ్ళకు దూరంగా, గోడ మరుగున.

ఫౌంటెన్‌ను కొన్ని గంటలే నడిపే తోటలూ ఉన్నాయి. ఆ గంటలు కనుక్కోండి.

బెంచీ ఖాయం చేసుకునే ముందు మూడు చోట్ల చూడండి. నేల మీద తెల్లటి రెట్టల మచ్చలుంటే పైకొమ్మ మీద పిట్టల మకాం ఉన్నట్టు. బెంచీ కాళ్ళ మీదుగా చీమల బారు పోతుంటే వేరే బెంచీ. పచ్చిక తడిగా ఉండి దగ్గర్లో స్ప్రింక్లర్ మూతి కనిపిస్తే, అది ఏ క్షణాన్నైనా చిమ్మొచ్చు.

## 8. లోపల మసలుకోవడం

పెద్ద పార్కులో ఎవరూ పట్టించుకోని పని చిన్న తోటలో అందరినీ ఇబ్బంది పెడుతుంది. స్పీకర్ మీద ఫోన్ మాట్లాడటం అన్నిటికన్నా పెద్ద నేరం. కాల్ తప్పదనుకుంటే గేటు బయటికి వెళ్ళి మాట్లాడండి.

- దారి వదిలి మొక్కల మళ్ళలోకి దిగకండి. అడుగుల బరువుకు మట్టి గట్టిపడి, వేళ్ళకు గాలి, నీరు అందవు.
- పూలు, కాయలు, విత్తనాలు కోయకండి. స్థానికులు నడిపే తోటల్లో కూరగాయలు ఒకరి కష్టం.
- పిట్టలకూ, కొలనులో చేపలకూ బ్రెడ్డు వేయకండి. తినగా మిగిలింది కుళ్ళి నీళ్ళు పాడవుతాయి.
- ఖాళీ బెంచీలు ఉండగా ఒకరు కూర్చున్న బెంచీ మీదికి చేరకండి.
- ఫొటోల్లో తెలియని మనుషుల ముఖాలు పడనీయకండి. ట్రైపాడ్, డ్రోన్, దుస్తులు మార్చుకుంటూ తీసే షూటింగులకు అనుమతి కావాల్సి రావచ్చు, బోర్డు చూడండి.

తోటమాలి ఖాళీగా కనిపిస్తే పలకరించండి. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ గంటకు ఎవరూ ఉండరో ఆయన కన్నా బాగా ఏ వెబ్‌సైటూ చెప్పదు.

## 9. పిల్లలు, పెద్దవాళ్ళు, ఒంటరి ప్రయాణికులు

పిల్లలతో: అరగంట చాలు. గన్నేరు, ఉమ్మెత్త లాంటివి అందంగా ఉన్నా విషపు మొక్కలు, ఆకు కూడా నోట్లో పెట్టకుండా చూడండి. పరిగెత్తే ఈడు పిల్లలైతే ముందు ఆటస్థలంలో అలసిపోనిచ్చి తర్వాత తీసుకురండి.

పెద్దవాళ్ళతో, చక్రాల కుర్చీతో: మెట్లు ఉన్నాయా, దారి కంకరా బండలా అన్నది ముందే ఫొటోల్లో చూడండి. ఆనుకునే వీపు, చేతులు ఉన్న బెంచీ నుంచి లేవడం సులువు.

ఒంటరిగా: ఎక్కడికి వెళ్తున్నారో ఒకరికి చెప్పండి. గేటు కనిపించేలా కూర్చోండి. మూసే సమయానికి పావుగంట ముందే లేవండి. మూలన కూర్చున్నవాళ్ళను చూడకుండా తాళం వేసేసే అవకాశం ఉంది.

## 10. తరచూ వచ్చే చిక్కులు, విరుగుళ్ళు

లోపల ఉండగానే తాళం వేసేశారు. గోడ దూకే ప్రయత్నం వద్దు, ఇనుప ఊచల మొనలు ప్రమాదం. ఫొటో తీసుకున్న బోర్డులోని నంబరుకు ఫోన్ చేయండి. ఎవరూ ఎత్తకపోతే నగర అత్యవసర నంబరుకు.

వెళ్ళేసరికి జనం. గంటసేపు చుట్టుపక్కల నడిచి మళ్ళీ రండి. భోజనం పోటు గంటా గంటన్నరలో తగ్గిపోతుంది.

పక్కన ఎవరో పాటలు పెట్టారు. లేచి చోటు మార్చుకోవడం తేలిక. మార్చుకునే చోటు లేకపోతే, "కాస్త తగ్గిస్తారా" అని ఒకసారి నవ్వుతూ అడగండి. రెండోసారి అడగాల్సి వస్తే గార్డుకు వదిలేయండి.

వేడుక కోసమో, మరమ్మతు కోసమో మూసేశారు. అందుకే బయల్దేరేటప్పుడే దగ్గర్లోని రెండో తోటను గుర్తుపెట్టుకోవాలి. ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని రద్దీలో గంట ప్రయాణించకండి.

ఉరుములు మొదలయ్యాయి. చెట్టు కిందికి కాదు, పక్క భవనంలోకి వెళ్ళండి.

ఏమీ తోచడం లేదు. ఒక్క చెట్టును ఎంచుకుని దాని మీద వచ్చి వాలే వాటిని పుస్తకంలో రాసుకోండి. అప్పటికీ విసుగొస్తే లేచి వెళ్ళిపోండి, బలవంతమేమీ లేదు.

## 11. బయటికి వస్తూ

- [ ] బెంచీ కింద, పక్కన ఒకసారి చూడండి
- [ ] చెత్త మీ సంచిలోనే తీసుకెళ్ళండి, అక్కడి డబ్బా నిండి ఉంటే దాని పక్కన పెట్టకండి
- [ ] గేటు ఎలా ఉంటే అలా వేయండి
- [ ] వచ్చిన వేళ, జనం ఎంత ఉన్నారు, ఏ బెంచీ బాగుంది అన్నవి ఫోన్‌లో రాసుకోండి, వచ్చేసారికి పనికొస్తాయి
- [ ] మ్యాపులో వేళలు తప్పుగా ఉంటే సరిచేయండి

ఆఖరిది, అందరూ అడిగేది: లొకేషన్ పెట్టొచ్చా? నగరపాలక సంస్థ తోటైతే నిరభ్యంతరంగా పెట్టండి. జనం వస్తుంటేనే దాన్ని ఎవరూ మూయకుండా ఉంటారు. పదిమంది పడితే నిండిపోయే, స్థానికులు నడిపే తోటైతే మాత్రం వాళ్ళను అడిగి పెట్టండి. పెడితే తెరిచి ఉండే రోజులు, గంటలు కూడా రాయండి, చూసి వచ్చినవాళ్ళు తాళం ముందు నిలబడకుండా ఉంటారు.